బహుమతి స్థానానికా, మనిషికా?

పరుగుపందెంలో విజేతను నిర్ణయించడానికి చర్చ అక్కరలేదు. ముందుగా గీత దాటినవాడే విజేత. కాని పదకొండుమందో, ఏడుగురో, ఆరుగురో కలిసి ఆడే ఆటలో ఒక్కరిని మాత్రమే వేరుచేసి, ఈ గెలుపులో ఇతని పాలు అందరికంటె పెద్దదని తీర్పు చెప్పడం సామాన్యమైన పని కాదు. అయినా ఆ తీర్పును మనం ప్రతి సంవత్సరం క్షణాల మీద చెప్పివేస్తున్నాము. క్రికెట్టులో ఎక్కువ పరుగులు చేసినవానికి, కబడ్డీలో కూతకు వెళ్లి ఎక్కువ పాయింట్లు తెచ్చినవానికి, ఫుట్‌బాల్‌లో గోలు కొట్టినవానికి ఉత్తమ క్రీడాకారుడన్న కప్పు చేతికిచ్చి పంపుతున్నాము. బంతిని అందుకొన్నవాడు, అడ్డుకొన్నవాడు, సమయానికి తోటివానికి అందించినవాడు చప్పట్లు కొట్టేవారి వరుసలోనే నిలిచిపోతున్నారు.

ఇది ఒక్క మన కళాశాలకో, మన నంద్యాల జిల్లాకో పరిమితమైన లోపం కాదు; ప్రపంచమంతటా క్రీడారంగంలో వ్రేళ్లూనిన అలవాటు. బహుమతి ఆటగాడు నిలబడిన స్థానానికి చెందాలా, ఆ స్థానంలో నిలబడి శ్రమించిన మనిషికి చెందాలా అన్నదే ఇక్కడ మౌలికమైన ప్రశ్న. మనిషికే చెందాలన్నది మా నిశ్చితాభిప్రాయం. అందుకు మాకు తోచిన హేతువులను విద్యార్థినీ విద్యార్థుల ఎదుట, కళాశాల పాలకవర్గం వారి ఎదుట ఉంచుతున్నాము.

ఈ ప్రశ్న అత్యంత స్పష్టంగా కనిపించేది అమెరికా దేశంలో. అక్కడివారు ఫుట్‌బాల్ అని పిలిచే ఆట మనమెరిగిన ఫుట్‌బాల్ కాదు. రెండు కొసలూ మొనదేరిన బంతిని చేతులతో పట్టి, విసిరి, మోసికొనిపోయే ఆట అది. దాడి చేసే జట్టులో క్వార్టర్‌బ్యాక్ అనే స్థానంలో ఉన్నవాడు బంతిని విసురుతాడు. మైదానం అంచుల వెంట దూసుకుపోయి, ప్రత్యర్థుల నడుమ గాలిలోకి ఎగిరి దానిని అందుకొనేవాడు వైడ్ రిసీవర్. అసోసియేటెడ్ ప్రెస్ అనే వార్తాసంస్థ పక్షాన క్రీడావిలేఖరులు ఓట్లు వేసి ఏటా “అత్యంత విలువైన ఆటగాడు” ఎవరో తేలుస్తారు. ఆరు దశాబ్దాలకు పైబడిన ఆ పురస్కార చరిత్రలో వైడ్ రిసీవర్ ఒక్కడైనా ఇంతవరకు దానిని అందుకోలేదు. 1971లో ఆలన్ పేజ్, 1986లో లారెన్స్ టేలర్ అనే రక్షణ ఆటగాళ్లకు దక్కింది. 1982లో బంతిని కాలితో తన్నడమే పనిగా గల మార్క్ మోస్లీకి సైతం దక్కింది. అందుకొనే చేతులకు మాత్రం దక్కలేదు.

అర్హులు లేకనా? కాదు. 1987లో జెర్రీ రైస్ పన్నెండు ఆటలలోనే 22 టచ్‌డౌన్ బంతులు అందుకొన్నాడు. బంతితో ప్రత్యర్థి గీత దాటడాన్నే టచ్‌డౌన్ అంటారు. ఆ యేటి పురస్కారం క్వార్టర్‌బ్యాక్ అయిన జాన్ ఎల్వేకి వెళ్లింది. 2021లో కూపర్ కప్ 145 బంతులు అందుకొని, 1,947 గజాలు సాధించి, 16 టచ్‌డౌన్‌లు చేసి మూడు లెక్కలలోనూ దేశంలో ప్రథముడైనాడు. యాభై ఓట్లలో అతనికి పడినది ఒక్కటి. పురస్కారం ఆరన్ రాడ్జర్స్ అనే క్వార్టర్‌బ్యాక్‌ది. రైస్‌కూ, కప్‌కూ ఆయా సంవత్సరాలలో “దాడిలో ఉత్తమ ఆటగాడు” అనే వేరొక బహుమతి ఇచ్చి తృప్తిపరిచారు. పెద్దపీట ఒకరికి వేసి, మరొకరికి ప్రక్కపీట చూపినట్లయింది.

ఈ అలవాటును సమర్థించేవారు రెండు వాదాలు చెబుతారు. మొదటిది: దాడిలో దాదాపు ప్రతి ఎత్తుగడా క్వార్టర్‌బ్యాక్ చేతి మీదుగానే నడుస్తుంది, రిసీవర్ చేతికి బంతి వచ్చేది ఆట మొత్తంలో ఏ ఎనిమిది, పది సార్లో. ఈ వాదంలో బలమున్నది, దానిని త్రోసిపుచ్చలేము. రెండవది: విసిరేవాడు లేకపోతే అందుకొనేవాడేమి చేయగలడు, అతని గొప్పతనం మరొకని చేతిలో ఉన్నది కదా అన్నది. ఈ రెండవ వాదమే పరీక్షకు నిలబడదు.

మన గ్రామాలలో సాయంత్రం వేళ ఆడే వాలీబాల్‌నే చూడండి. ఒకడు బంతిని వలకు దగ్గరగా, తగిన ఎత్తుకు లేపి ఇస్తాడు, అతడు సెట్టర్. మరొకడు ఎగిరి దానిని అవతలి గడిలో నేలకు కొడతాడు, అతడు స్మాషర్. అమెరికా ఆట కొలతతో చూస్తే ఇక్కడ సెట్టర్ ఇచ్చేవాడు, స్మాషర్ పుచ్చుకొనేవాడు. సెట్టర్ బంతిని సరిగా లేపకపోతే ఎంతటి స్మాషరూ ఏమీ చేయలేడు. అయితే ఊరి జనం ఎవరి పేరు చెప్పుకొంటారు? స్మాషర్ పేరే! అక్కడ ఇచ్చినవానికి కీర్తి, ఇక్కడ పుచ్చుకొన్నవానికి కీర్తి. “పరాధీనుడు గనుక అర్హుడు కాడు” అన్నది నిజమైన న్యాయసూత్రమైతే అది రెండు ఆటలలోనూ ఒకే విధంగా పనిచేయాలి గదా! పనిచేయడం లేదంటే అది సూత్రం కాదు, చూపు మరిగిన అలవాటు. కన్ను ఎక్కడ నిలుస్తుందో బహుమతి అక్కడికి వెళుతున్నది.

కళారంగంలోనూ ఇదే తీరు. ఖవ్వాలీ మహఫిల్‌లో ప్రధాన గాయకుడు ఎత్తుకొన్న పాదాన్ని వెనుక కూర్చున్న హమ్‌నవాలు అందుకొని, చప్పట్ల లయతో పైకి లేపకపోతే ఆ పాట సభికుల హృదయాలను తాకదు. బుర్రకథలో కథకునికి ఇరుప్రక్కలా నిలిచే వంతలు “తందాన తాన” అని అందుకోకపోతే కథ నడవదు. బుర్రకథకు జీవం పోసిన షేక్ నాజర్‌ను 1986లో పద్మశ్రీ వరించినప్పుడు యావదాంధ్రమూ పొంగిపోయింది. ఆ గౌరవానికి ఆయన సర్వవిధాలా అర్హుడు. కాని వంతల పేర్లు చెప్పుకొనే సంప్రదాయం మనకు ఏనాడూ అలవడలేదు.

ఇక మన విద్యార్థులు ఊపిరిగా భావించే క్రికెట్టుకు వద్దాము. ఆ ఆటలో పరుగులు చేసేవానికే ప్రథమ తాంబూలమన్నది లోకవిదితం. అయితే ఒక్కొక్కప్పుడు ఆట తానే మనకు పాఠం చెబుతుంది. 2001 మార్చిలో కలకత్తా ఈడెన్ గార్డెన్స్‌లో ఆస్ట్రేలియాతో జరిగిన టెస్టులో ఫాలో ఆన్ ఆడుతూ హైదరాబాదు ఆటగాడు వి.వి.యస్. లక్ష్మణ్ 281 పరుగులు చేశాడు. ఆయనతో కలిసి రాహుల్ ద్రావిడ్ 180 పరుగులు చేశాడు. ఇద్దరూ అయిదవ వికెట్టుకు 376 పరుగులు జోడించి, నాలుగవ రోజంతా ఒక్క వికెట్టూ పడకుండా నిలబడ్డారు. ఆ మ్యాచ్‌లో హర్భజన్ సింగ్ పదమూడు వికెట్లు తీశాడు. బహుమతి లక్ష్మణ్‌కు దక్కింది, ఎవరూ కాదనలేదు. ఆ జోడీలో ద్రావిడ్ రెండవవాడైనాడు. రెండు సంవత్సరాల తొమ్మిది నెలల తరువాత, 2003 డిసెంబరులో అడిలైడ్‌లో అదే ఆస్ట్రేలియా మీద అదే జోడీ 303 పరుగులు జోడించింది. ఈసారి ద్రావిడ్‌వి 233, లక్ష్మణ్‌వి 148. రెండవ ఇన్నింగ్స్‌లో ద్రావిడ్ అజేయంగా 72 పరుగులు చేసి జట్టును గెలుపు తీరం చేర్చాడు. బహుమతి ద్రావిడ్‌ది; లక్ష్మణ్ రెండవవాడైనాడు. ఒకరు లేక మరొకరు లేరన్న సత్యాన్ని ఈ రెండు మ్యాచ్‌లు ప్రక్కప్రక్కన పెట్టి చూస్తే చిన్నపిల్లవాడైనా గ్రహిస్తాడు. రెండవవాడుగా ఉండటం తక్కువ ఆటగాడుగా ఉండటం కాదు.

క్రికెట్టులో అందుకొనే చేతులంటే ఫీల్డరు చేతులే. స్కోరు పుస్తకం ఈ విషయంలో పత్రికలకంటె న్యాయంగా ప్రవర్తిస్తుంది. క్యాచ్ ద్వారా వికెట్టు పడినప్పుడు పట్టినవాని పేరు ముందు వ్రాసి, వేసినవాని పేరు తరువాత వ్రాస్తుంది. కాని రోజు ముగిసి లెక్క తేల్చేటప్పుడు వికెట్టు బౌలరు ఖాతాలో మాత్రమే జమ అవుతుంది. 1971 ఆగస్టులో లండన్ ఓవల్ మైదానంలో భారతజట్టు ఇంగ్లండును ఓడించినప్పుడు చంద్రశేఖర్ 38 పరుగులకు ఆరు వికెట్లు తీసిన ఘనత చరిత్రకెక్కింది. ఆ కాలంలో మన స్పిన్నర్లకు వికెట్లు పండించినవారు బ్యాటుకు జానెడు దూరంలో, శిరస్త్రాణం లేకుండా నిలబడిన సోల్కర్, వెంకటరాఘవన్, వాడేకర్, ఆబిద్ అలీ వంటి ఫీల్డర్లు. వీరిలో సయ్యద్ ఆబిద్ అలీ మన హైదరాబాదువాడు. ఆనాటి గెలుపు పరుగులు ఆయన బ్యాటు నుండి వచ్చినవే. 2025 మార్చిలో ఆయన కన్నుమూశారు. ఆయన చేతుల్లో పడిన క్యాచ్‌ల విలువను తూచిన తక్కెడ ఆనాడు లేదు, ఈనాడూ సరిగా లేదు.

అదే ఓవల్ మైదానంలో 2025 ఆగస్టు 4న జరిగినది మన విద్యార్థులెవరూ మరచి ఉండరు. ఇంగ్లండు గెలుపుకు 35 పరుగులు కావాలి. చేతిలో నాలుగు వికెట్లున్నాయి. అంతకు ముందురోజు బ్రూక్ 19 పరుగుల వద్ద ఉండగా క్యాచ్ పట్టి, కాలు సరిహద్దు త్రాడుకు తగలడం వలన ఆ వికెట్టు చేజార్చుకొన్న హైదరాబాదు బౌలర్ మహమ్మద్ సిరాజ్, ఆ చివరి ఉదయం నాలుగింటిలో మూడు వికెట్లు తీసి ఆరు పరుగుల తేడాతో జట్టును గెలిపించాడు. ఆ మ్యాచ్‌లో తొమ్మిది వికెట్లు తీసినందుకు ఆ రోజు బహుమతి అతనికే దక్కింది. అయిదు టెస్టులూ ఆడి, 185 ఓవర్లకు పైగా వేసి, ఉభయ జట్లలోనూ అత్యధికంగా 23 వికెట్లు తీసినవాడతడే. సిరీస్ ఉత్తములుగా మాత్రం శుభ్‌మన్ గిల్, హ్యారీ బ్రూక్ ఎంపికైనారు, ఇద్దరూ బ్యాట్స్‌మెన్.

ఇది అన్యాయమని మేము అనడం లేదు. గిల్ చేసినవి 754 పరుగులు. అదేమీ చిన్న సంగతి కాదు. పైగా 2021-22లో ఇంగ్లండుతో ఆడిన సిరీస్‌లో సరిగ్గా అవే 23 వికెట్లు తీసిన జస్‌ప్రీత్ బుమ్రా భారతజట్టు పక్షాన ఆ బహుమతిని అందుకొన్నాడు. కనుక తలుపు పూర్తిగా మూసికొని లేదు. మేము అడిగేది ఇంతే: అయిదు టెస్టులలోనూ విశ్రాంతి లేకుండా, ఎండలో, గాలికి ఎదురుగా పరుగెత్తిన శ్రమను 754 అనే అంకె ప్రక్కన పెట్టి తూచడానికి మన దగ్గర కొలత ఉన్నదా? పరుగులకు అంకె ఉన్నది. ఓపికకు అంకె లేదు.

అయినా ఇతరుల మీద ఆధారపడే స్థానాలలో నిలబడి అత్యున్నత బహుమతి పొందినవారు లేకపోలేదు. ఐరోపా ఫుట్‌బాల్‌లో ఉత్తమ ఆటగానికిచ్చే బంగారు బంతిని 1963లో సోవియట్ గోల్‌కీపర్ లెవ్ యాషిన్ అందుకొన్నాడు. ఆ తరువాత ఇంతవరకు మరే గోల్‌కీపరూ అందుకోలేదు. 2006లో ఇటలీ రక్షణ ఆటగాడు కన్నవారో అందుకొన్నాడు. 1993లో బొంబాయిలో వెస్టిండీస్‌తో జరిగిన ఒకరోజు మ్యాచ్‌లో దక్షిణాఫ్రికా ఫీల్డరు జాంటీ రోడ్స్ అయిదు క్యాచ్‌లు పట్టి మ్యాచ్ ఉత్తమ ఆటగాడైనాడు. 2024 ఇరవై ఓవర్ల ప్రపంచకప్పులో ఒక్క పరుగైనా చేయని బుమ్రా, తీసిన 15 వికెట్ల కారణంగా టోర్నమెంటు ఉత్తమ ఆటగాడైనాడు.

వీటన్నిటికంటె మా వాదానికి దగ్గరగా ఉన్న దృష్టాంతం 2016 రియో ఒలింపిక్స్‌లోని పురుషుల వాలీబాల్. అందులో లిబెరో అనే స్థానమొకటున్నది. అతడు వేరురంగు చొక్కా ధరిస్తాడు. వలపై నుండి బంతిని కొట్టరాదు, వల వద్ద అడ్డుకోరాదు. ప్రత్యర్థి కొట్టిన బంతిని నేలకు తగలకుండా అందుకొని, తనవారికి అందించడమే అతని ధర్మం. స్మాష్ చేసి పాయింటు సాధించే అధికారమే లేనివాడతడు. అట్టి స్థానంలో ఆడిన బ్రెజిల్ ఆటగాడు సెర్జియో సాంతోస్ ఆ ఒలింపిక్స్‌లో అత్యంత విలువైన ఆటగాడుగా ఎంపికైనాడు. అందుకొనే చేతికి అగ్రపురస్కారం దక్కుతుందా అన్న ప్రశ్నకు ఇంతకంటె సూటియైన సమాధానం మరొకటి ఉండదు.

ఈ ఎంపికలన్నిటిలో సామాన్యమైన అంశమేమిటి? న్యాయనిర్ణేతలు స్థానాన్ని కాక మనిషిని చూడటం. క్వార్టర్‌బ్యాక్ స్థానం విలువైనదన్నది సత్యమే. కాని ఆ విలువ ఆ స్థానంలో ఎవరు నిలబడినా వారికి పుట్టుకతో వచ్చే ఆస్తివంటిది. దానినే లెక్కించి బహుమతి ఇస్తే అది హోదాకు ఇచ్చిన బహుమతి అవుతుందేగాని ప్రతిభకు ఇచ్చినది కాదు. అడుగవలసిన ప్రశ్న వేరు: ఆ స్థానంలో సాధారణమైన ఆటగాడు నిలబడితే ఎంత చేసేవాడు? ఇతడు అంతకంటె ఎంత ఎక్కువ చేశాడు? ఈ ప్రశ్న అడిగితే క్వార్టర్‌బ్యాక్ కూడా గెలవవచ్చు, బ్యాట్స్‌మన్ కూడా గెలవవచ్చు. వారికి మనం అడ్డు కాము. కాని రిసీవరూ, లిబెరో, వికెట్‌కీపరూ, కబడ్డీలో మూలన నిలిచి కూతకు వచ్చినవాని చీలమండ పట్టేవాడూ అదే గీత మీద నిలబడి పోటీ పడగలుగుతారు. న్యాయమంటే అందరికీ సమానంగా పంచడం కాదు. అందరినీ ఒకే కొలతతో కొలవడం.

ఒక్కొక్కప్పుడు ఇద్దరినీ విడదీయడమే అసాధ్యం కావచ్చు. అప్పుడేమి చేయాలి? మన తెలుగు బిడ్డ, అమలాపురం యువకుడు సాత్విక్ సాయిరాజ్ రంకిరెడ్డి బాడ్మింటన్ డబుల్స్‌లో చిరాగ్ శెట్టితో కలిసి 2022లో థామస్ కప్పు గెలిచిన జట్టులో ఆడాడు. 2023లో హాంగ్‌ఝౌ ఆసియా క్రీడలలో స్వర్ణపతకం సాధించాడు. ఆ సంవత్సరానికి దేశపు అత్యున్నత క్రీడాపురస్కారమైన మేజర్ ధ్యాన్‌చంద్ ఖేల్‌రత్నను ప్రభుత్వం వారిద్దరికీ కలిపి ఇచ్చింది. వెనుక నుండి బలంగా కొట్టినవాడెవరు, వల దగ్గర ముగించినవాడెవరు అని తర్కించలేదు. దేశమే చేయగలిగిన పనిని ఒక కళాశాల చేయలేదా?

పేరు పెట్టని శ్రమకు గుర్తింపు ఎంత ఆలస్యమవుతుందో తెలిపేది హైదరాబాదు ఉపాధ్యాయుడు సయ్యద్ అబ్దుల్ రహీం చరిత్ర. ఆయన శిక్షణలో భారత ఫుట్‌బాల్ జట్టు 1956 మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌లో నాలుగవ స్థానం పొందింది. 1962 జకార్తా ఆసియా క్రీడల ఫైనల్లో దక్షిణ కొరియాను 2-1 గోళ్లతో ఓడించి స్వర్ణం సాధించింది. మరుసటి సంవత్సరమే, 1963 జూన్‌లో, ఆయన మరణించారు. శిక్షకులకు ఇచ్చే ద్రోణాచార్య పురస్కారాన్ని ప్రభుత్వం నెలకొల్పినది 1985లో. గోళ్లు లెక్కించడానికి ఒక్క క్షణం చాలింది. గోళ్ల వెనుక ఉన్న మేధను లెక్కించడానికి ఇరవై రెండు సంవత్సరాలు పట్టింది.

ఇదంతా మనకెందుకు, ఆట ఆనందం కోసం గాని కప్పు కోసమా అని కొందరు పెద్దలు అనవచ్చు. మాట వినడానికి ఇంపుగానే ఉన్నది. కాని ఆ కప్పుతో పాటు ఒక ధృవపత్రం కూడా చేతికి వస్తుంది. క్రీడా కోటాలో సీటుకో, ఉద్యోగానికో దరఖాస్తు పెట్టే పేద విద్యార్థికి ఆ కాగితం ఆభరణం కాదు, అవసరం. ఆళ్లగడ్డ నుండి, చుట్టుప్రక్కల పల్లెల నుండి ఉదయం బస్సులో వచ్చి, సాయంత్రం చివరి బస్సు అందుకోవాలన్న తొందరలో కూడా ఒక గంట మైదానంలో నిలిచి ఆడే విద్యార్థులున్నారు. వారిలో ఒకడు వికెట్ల వెనుక వంగి వంగి నడుము పట్టుకుపోయేదాకా కీపింగ్ చేస్తే, మరొకడు ముప్పావుగంట బ్యాటింగు చేసి ధృవపత్రం పట్టుకుపోతే, మొదటివానికి మనం నేర్పుతున్న పాఠమేమిటి?

ఫలితం మన కళ్లముందే ఉన్నది. కోతలయిపోయిన పొలాలలో ఆడుకొనే పిల్లలను చూడండి. బ్యాటు పట్టడానికి పదిమంది తగవులాడుతారు. కీపింగుకు ఎవరూ ముందుకు రారు, అందరికంటె చిన్నవానిని బలవంతంగా నిలబెడతారు. కబడ్డీలో కూతకు వెళ్లడానికి పోటీ, పట్టు పట్టడానికి వెనుకంజ. బాలికల ఖోఖోలో సరియైన క్షణంలో సరియైన అమ్మాయి వీపు తట్టి “ఖో” అన్న బాలిక తెలివి వలననే ప్రత్యర్థి చిక్కుతుంది. చప్పట్లు మాత్రం చివర తాకిన బాలికకే. 2025 జనవరిలో ఢిల్లీలో జరిగిన మొట్టమొదటి ఖోఖో ప్రపంచకప్పును మన పురుషుల జట్టూ, మహిళల జట్టూ రెండూ గెలిచాయి. ఆ ఆటను తీర్చిదిద్దేది ఆ వీపు తట్టే చేతులే గదా! మనం దేనికి బహుమతి ఇస్తామో పిల్లలు అదే కావాలనుకొంటారు. ఇది ఆటస్థలంతో ఆగే విషయం కాదు. ఇంటిలో, కార్యాలయంలో, సమాజంలో తెరవెనుక పని చేయడానికి సిగ్గుపడే తరాన్ని మనమే తయారు చేసికొంటున్నాము.

మరొక ఆక్షేపణ కూడా ఉన్నది. అలాగైతే ప్రతి స్థానానికి ఒక కప్పు పెట్టరాదా అని. అది సులభమైన మార్గమే గాని మంచి మార్గం కాదు. ఉత్తమ ఫీల్డరుకొకటి, ఉత్తమ కీపరుకొకటి అంటూ చిన్న కప్పులు పెంచుకొంటూ పోతే, పెద్ద కప్పు బ్యాట్స్‌మన్‌కే అన్న పాత అలవాటుకు మనమే ముద్ర వేసినవారమవుతాము. అమెరికాలో జెర్రీ రైస్‌కు జరిగినది అదే. కప్పు ఒక్కటే ఉండాలి. దాని తలుపులు అందరికీ తెరిచి ఉండాలి.

అందువలన కళాశాల పాలకవర్గం వారికీ, వ్యాయామ అధ్యాపకులకూ కొన్ని సూచనలు వినయపూర్వకంగా చేస్తున్నాము. మొదటిది, ఉత్తమ క్రీడాకారుని ఎంపికకు కొలమానమేమిటో పోటీలు ఆరంభం కాకముందే వ్రాతపూర్వకంగా నోటీసు బోర్డుమీద పెట్టాలి. రెండవది, స్కోరు వ్రాసే విద్యార్థి ప్రక్కన మరొకరిని కూర్చోబెట్టి, పట్టిన క్యాచ్‌లు, జారవిడిచిన క్యాచ్‌లు, ఆపిన పరుగులు, అందించిన బంతులు, కబడ్డీలో మొదట పట్టు వేసినవాని పేరు నమోదు చేయించాలి. ఒక రూళ్ల పుస్తకం, ఒక పెన్సిలు తప్ప దీనికి ఖర్చేమీ లేదు. మూడవది, తీర్పు చెప్పేముందు ప్రత్యర్థి జట్టు నాయకుని అభిప్రాయం తీసికోవాలి. భారత్, ఇంగ్లండు టెస్టు సిరీస్‌లలో ఉత్తమ ఆటగాని ఎంపిక ప్రత్యర్థి శిక్షకునికి అప్పగించే సంప్రదాయమున్నది. తమను ఎక్కువగా బాధపెట్టినవాడెవడో ఓడినవానికి తెలిసినంతగా ప్రేక్షకునికి తెలియదు. నాలుగవది, ఇద్దరిని విడదీయడం న్యాయం కాదని తోచినప్పుడు కప్పును ఇద్దరికీ కలిపి ఇవ్వడానికి వెనుదీయరాదు. ధృవపత్రాలు మాత్రం ఇద్దరికీ వేర్వేరుగా ఇవ్వాలి.

విద్యార్థులకు చెప్పవలసిన మాట కూడా ఒకటున్నది. కప్పు అందుకొన్నవాడు తనకు బంతి అందించినవానిని మరువరాదు. 2023 సెప్టెంబరులో కొలంబోలో జరిగిన ఆసియా కప్పు ఫైనల్లో 21 పరుగులకు ఆరు వికెట్లు తీసి, శ్రీలంకను 50 పరుగులకే కూల్చిన సిరాజ్, ఆ రోజు తనకు లభించిన బహుమతి సొమ్మును మైదానం సిబ్బందికి ఇచ్చివేశాడు. మాటిమాటికి కురిసిన వానలో పట్టాలు పరచి, తీసి, మళ్లీ పరచి ఆటను బ్రతికించినవారు వారే అన్నది అతని భావం. హైదరాబాదులో ఆటో నడిపి కుటుంబాన్ని పోషించిన తండ్రి కుమారునికి తెరవెనుక శ్రమ విలువ ఎవరూ నేర్పనక్కరలేదు. మిగిలిన మనమందరమూ మాత్రం నేర్చుకోవాలి.

వైడ్ రిసీవరుకు అమెరికా అగ్రపురస్కారం ఎన్నటికైనా దక్కుతుందా అని అడిగితే, దక్కుతుందనే మా సమాధానం. అందుకు రిసీవర్లు ఇప్పటికంటె గొప్పగా ఆడనవసరం లేదు. వారు ఎన్నడో ఆడి చూపించారు. మారవలసినది ఓటు వేసేవారి చూపు. అమెరికా విలేఖరుల చూపు మార్చడం మన చేతిలో లేదు. మన కళాశాల కప్పు మాత్రం మన చేతిలోనే ఉన్నది. రాబోయే క్రీడోత్సవానికి ముందే పాలకవర్గం వారు ఈ సూచనలను చర్చకు స్వీకరిస్తారని ఆశిస్తున్నాము.